‘నాకు తెలుసు’ నుంచి ‘నేను చూశాను’ దాకా: ఒక ఎం.ఏ. డిసర్టేషన్ కేస్ స్టడీ

నేపథ్యం

ఎం.ఏ. ఇంగ్లిష్ నాలుగో సెమిస్టర్‌లో డిసర్టేషన్ (పరిశోధనా వ్యాసం) రాసిన ఒక విద్యార్థిని కేసు ఇది. ఆమె గైడ్‌ను నేనే. గడువు 16 వారాలు, పరిమితి 15,000 పదాలు. ఆమెను గానీ కాలేజీని గానీ గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. నవలలు, జరిగిన తప్పులు, వాటిని సరిదిద్దిన పద్ధతి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. ఆమెది ఇంటర్ దాకా తెలుగు మీడియం. చదవడంలో ఏ లోటూ లేదు, లావుపాటి నవలలు కూడా వారంలో ముగించేది. రాయడానికి కూర్చుంటే మాత్రం సొంత వాక్యం మీద నమ్మకం ఉండేది కాదు. ఎవరో పెద్దవాళ్లు అన్న మాట ముందు పెట్టుకుంటే తప్ప పేరా మొదలయ్యేది కాదు. ఈ సంగతికి తర్వాత పని పడుతుంది.

అంశం ఆమే ఎంచుకుంది: సమకాలీన ఇంగ్లిష్ నవలల్లో కథలల్లే ఆడపిల్లలు, ఆ కథలతో వాళ్లకు వచ్చే అధికారం. తీసుకున్న నవలలు రెండు, ఇయన్ మెకీవన్ ‘అటోన్‌మెంట్’ (2001), యీయున్ లీ ‘ద బుక్ ఆఫ్ గూస్’ (2022). మొదటి నవల 1935 వేసవిలో ఒక ఇంగ్లిష్ పల్లెటూరి బంగళాలో మొదలవుతుంది. ఒక రాత్రి చీకట్లో లోలా అనే పిల్ల మీద దాడి జరుగుతుంది. 13 ఏళ్ల బ్రయోనీ చెప్పిన తప్పుడు సాక్ష్యంతో ఆ ఇంటి పనిమనిషి కొడుకు, బ్రయోనీ అక్క సిసీలియా ప్రియుడు రాబీ జైలుకు పోతాడు. రెండోది యుద్ధం తర్వాతి ఫ్రాన్స్‌లో ఒక పల్లె. పశువులు కాసుకునే ఫాబియెన్ కథలు అల్లుతుంది, బడికి పోయే ఆన్యేస్ వాటిని తన దస్తూరీతో కాగితం మీద పెడుతుంది, పుస్తకం ఆన్యేస్ పేరుతో పారిస్‌లో అచ్చవుతుంది. జోడీ బాగా కుదిరింది. గట్టి ఎంపికే కదా అని మొదటి ఐదు వారాలు వదిలేశాను. అదే నా వైపు నుంచి జరిగిన మొదటి పొరపాటు.

వచ్చిన సమస్య

ఆరో వారంలో 11,200 పదాల డ్రాఫ్ట్ చేతికొచ్చింది. బరువు చూస్తే ముప్పావు పని అయిపోయినట్టే. పెన్సిల్‌తో లెక్క తీస్తే దాదాపు 6,000 పదాలు ఉత్త కథాసారాంశం. మిగిలినదాంట్లో ‘ఎంపవర్‌మెంట్’ అనే మాట, దాని రూపాలు కలిపి 43 సార్లు. కథ చెప్పడం ద్వారా బ్రయోనీ సాధికారత పొందుతుందని ఒక వాక్యం. ఏ పాపమూ ఎరగని మనిషిని కటకటాల వెనక్కి పంపిన పిల్ల గురించి ఆ మాట! రెండు పేజీల తర్వాత ఫాబియెన్ గురించీ అదే వాక్యం, పేరు ఒక్కటే మారింది. ఏ నవలకైనా అతికే వాక్యం ఏ నవల గురించీ ఏమీ చెప్పడం లేదన్నమాట.

ఇతరుల రాతలతో ఎంత కలిసిందో సాఫ్ట్‌వేర్ లెక్కించే సిమిలారిటీ రిపోర్టులో 31 శాతం వచ్చింది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా చిన్నపాటి పోలిక కింద వదిలేస్తారు. 10 దాటి 40 లోపు ఉంటే మొదటి స్థాయి, తిరగరాసి ఇమ్మంటారు. విద్యార్థిని మక్కీకి మక్కీ దించిన చోట్లు తక్కువే. పోలిక ఎక్కువగా కథాసారాంశంలోనే పట్టుబడింది. నెట్‌లో వందసార్లు చెప్పిన కథను నూటొకటోసారి చెబితే వాక్యాలు కలవక ఏం చేస్తాయి? సాఫ్ట్‌వేర్‌కు దొరక్కుండా పర్యాయపదాలు మార్చే పని పెట్టుకోవద్దని ముందే చెప్పాను. సారాంశం తీసేస్తే శాతం దానంతటదే దిగుతుంది. పర్యాయపదాలు మారిస్తే శాతం దిగుతుంది కానీ డ్రాఫ్ట్ అలాగే ఉంటుంది.

అన్నిటికంటే పనికొచ్చిన తప్పు 27వ పేజీలో దొరికింది. ముసలి బ్రయోనీ ఒక టీవీ ఇంటర్వ్యూలో తన తప్పు ఒప్పుకుంటుందని అక్కడ రాసింది. టీవీ ఇంటర్వ్యూ 2007లో వచ్చిన సినిమాలోది. నవల చివరి భాగం 1999 లండన్. 77 ఏళ్ల బ్రయోనీ, తనకు జ్ఞాపకం చెడిపోయే జబ్బు మొదలైందని తెలిశాక, పుట్టినరోజున పాత ఇంటికి వెళ్తుంది. ఇల్లు ఇప్పుడు హోటల్. చిన్నప్పుడు తను రాసి, ఆడించలేకపోయిన నాటకాన్ని ఇంట్లో పిల్లలు ఆడతారు. ఒప్పుకోలు అంతా తన కాగితాల్లోనే. పైగా ఆ రాతప్రతిని అచ్చువేసే వీలు లేదు. అసలు దోషి మార్షల్, అతన్ని పెళ్లాడిన లోలా, ఇద్దరూ ఇప్పుడు లార్డ్, లేడీ. డబ్బూ లాయర్లూ ఉన్నవాళ్లు. వాళ్లు బతికుండగా పరువునష్టం దావాకు భయపడి ఏ ప్రచురణకర్తా ముట్టుకోడు.

సినిమా చూసి రాసిందని కోప్పడి వదిలేయొచ్చు. కానీ ఆ తప్పులోనే అసలు జబ్బు కనిపించింది. టీవీలో ఒప్పుకుంటే అది లోకమంతా విన్న మాట. అచ్చుకాని రాతప్రతిలో ఒప్పుకుంటే విన్నవాళ్లెవరు? 13 ఏళ్లకు నోటిమాటతో ఒక జీవితాన్ని తలకిందులు చేసిన మనిషికి 77 ఏళ్లకు, పేరున్న రచయిత్రి అయ్యాక కూడా, నిజాన్ని అచ్చువేయించుకునే శక్తి లేదు. ‘కథ చెబితే అధికారం వస్తుంది’ అనే సూత్రం ఈ ఒక్క వివరం దగ్గరే కూలిపోతుంది. డ్రాఫ్ట్‌లో ఆ వివరం లేకపోవడానికి సూత్రమే కారణం. ముందే జవాబు తెలిసినవాళ్లకు పుస్తకంలో ఏం దొరుకుతుంది?

చేసి చూసినవి, పని చేయనివి

మొదటి ప్రయత్నం సిద్ధాంతం. ‘అధికారం’ అనే మాటను వదులుగా వాడుతోంది కాబట్టి దాని గురించి గట్టిగా ఆలోచించినవాళ్లను చదివిస్తే బిగుసుకుంటుందనుకున్నాను. ఫ్రెంచ్ తత్వవేత్త ఫూకో నుంచి 40 పేజీలు, అణగారినవాళ్ల గొంతు గురించి గాయత్రీ స్పివాక్ 1988 వ్యాసం, సిమోన్ ద బోవా ‘సెకండ్ సెక్స్’లో ఆడపిల్లల మీద ఉన్న అధ్యాయం. రెండు వారాలు పట్టింది. ఫలితం తలకిందులైంది. పేరా మొదట్లో ఇంకో పెద్ద పేరు చేరింది, నవల ఇంకా వెనక్కి పోయింది. ఫాబియెన్‌ను స్పివాక్ చెప్పిన నోరులేని మనిషిగా చూపిస్తూ, ఆ పిల్లకు చదువూ రాతా రావని కూడా రాసేసింది. నవలలో ఫాబియెన్ ఉత్తరాలు రాస్తుంది. తన పేరుతో కొన్ని, జాక్ అనే లేని అబ్బాయి పేరుతో కొన్ని. చదువు రాని పిల్ల ఆ పని ఎలా చేస్తుంది? సిద్ధాంతంలో ఇమడాలంటే ఉత్తరాలు అడ్డం, అందుకని అవి మాయమయ్యాయి. సొంత వాక్యం మీద నమ్మకం లేని మనిషికి ఇంకా పెద్దవాళ్ల వాక్యాలు అందించడం నా తప్పుడు అంచనా.

రెండోది కథన శాస్త్రం. ఫ్రెంచ్ విమర్శకుడు జెనెట్ చెప్పిన తేడా, ఎవరు చూస్తున్నారు, ఎవరు చెబుతున్నారు అన్నది నేర్పి, రెండు నవలల నుంచి 12 ఘట్టాలు ఎంచుకోమన్నాను. ఒక్కొక్కటి 300 నుంచి 500 పదాలు. దీనికి కారణం ఉంది. 300 కంటే తక్కువైతే చూపు ఒకరి నుంచి ఇంకొకరికి మారడం కనపడదు. 500 దాటితే విద్యార్థులు మళ్లీ సారాంశంలోకి జారిపోతారు. ఘట్టాల ఎంపిక బాగానే చేసింది. తీరా చూస్తే 12కు 12 చోట్లా ‘ఇంటర్నల్ ఫోకలైజేషన్’ (ఒక పాత్ర లోపలి నుంచి చూపు) అని చీటీ అంటించింది. చీటీ తప్పు కాదు. కానీ అన్ని డబ్బాల మీదా ‘పప్పు’ అని రాస్తే వంటింట్లో ఏం ఉపయోగం? ఎవరు చూశారో ఆ మాట చెబుతుంది. చూశామని అన్నప్పుడు ఎవరు నమ్మారో చెప్పదు. ఈ రెండు నవలల్లోనూ అధికారం ఉన్నది ఆ రెండో చోట.

తొమ్మిదో వారం వచ్చింది. 12 ఘట్టాలు మిగిలాయి, అవే లాభం.

మలుపు

పుస్తకం మూసి ‘అటోన్‌మెంట్’ కథ మొత్తం తెలుగులో చెప్పమన్నాను. ఫోన్‌లో రికార్డు చేసుకుని, తనే అక్షరం పొల్లుపోకుండా రాసుకోవాలి. ఇంగ్లిష్‌లో చెబితే చదివిన విమర్శల వాక్యాలే దొర్లుతాయి, తెలుగులో అవి దొరకవు. ఆ ఒక్క కారణంతోనే పెట్టిన పని అది. దాని నుంచి వచ్చినది నేను ఊహించనిది.

22 నిమిషాల రికార్డు, రాస్తే 9 పేజీలు. అందులో ‘అట’ ఎక్కడ పడిందో గుర్తు పెట్టమన్నాను. మొదటి భాగమంతా చెప్పేటప్పుడు ఒక్క ‘అట’ లేదు. సిసీలియా ఫౌంటెన్‌లోకి దూకింది, రాబీ ఉత్తరం రాశాడు, ఒకటి రాసి ఇంకొకటి ఇచ్చాడు, బ్రయోనీ చదివేసింది. అంతా కళ్లతో చూసినట్టే. చివరి భాగానికి వచ్చేసరికి వరస మారింది: రాబీ 1940లో డన్‌కర్క్ దగ్గర చనిపోయాడట, సిసీలియా అదే ఏడాది బాంబు దాడిలో పోయిందట, వాళ్లు మళ్లీ కలుసుకోనే లేదట. తొమ్మిది ‘అట’లు, తొమ్మిదీ చివరి భాగంలోనే.

ఇది తలకిందుల వ్యవహారం. బ్రయోనీ ‘నేను’ అంటూ ముందుకొచ్చి, ఇదంతా రాసింది నేనే, ఇక్కడిక్కడ మార్చాను అని ఒప్పుకున్న చోట మన పాఠకురాలు ‘అట’ పెట్టి దూరం జరిగింది. అదే బ్రయోనీ తన పేరు దాచిపెట్టి, ‘ఆమె’, ‘అతను’ అంటూ రాసుకున్న మొదటి భాగాన్ని మాత్రం ఒక్క ‘అట’ లేకుండా నమ్మేసింది. సర్వసాక్షిలా వినిపించే కథనం చెప్పేవాళ్లను ఎంత బాగా దాచేస్తుందో దీనికంటే మంచి రుజువు ఏం కావాలి? మన ఇళ్లలో పెద్దవాళ్లు ‘అనగనగా ఒక ఊళ్లో ఒక రాజు ఉండేవాడట’ అంటారు. కథ మొదలుపెట్టేటప్పుడే ఇది విన్న మాట సుమా అని ఒప్పేసుకుంటారు. నవలకు ఆ మొహమాటం లేదు.

రెండో సంగతి విద్యార్థినే పట్టుకుంది. మొదటి భాగం చివర్లో పోలీసు విచారణ ఘట్టం ఉంది. అది రాబీయే అని తనకు తెలుసంటుంది బ్రయోనీ. తెలిసిన సంగతి పక్కన పెట్టు, చూశానంటున్నావా అని అడుగుతారు. అవును, చూశాను అంటుంది. నన్ను చూస్తున్నంత స్పష్టంగానా? అవును. నీ కళ్లతోనా? చూశాను, చూశాను. నవల మొత్తం తిరిగే ఇరుసు ఆ నాలుగైదు పంక్తులు. వాటిని తెలుగులో రాసుకుంటూ ఆగిపోయి, ‘మేడమ్, “తెలుసు” అంటే “నాకు” వస్తుంది. “చూశాను” అంటే “నేను” వచ్చేస్తుంది’ అంది. అంతే కదా. ‘నాకు తెలుసు’ అన్నప్పుడు తెలివిడి ఎక్కడి నుంచో వచ్చి నా మీద వాలుతుంది, ఎలా వచ్చిందో చెప్పనక్కర్లేదు. ‘నేను చూశాను’ అన్నాక మనిషి బోనులోకి ఎక్కి నిలబడ్డట్టే. బ్రయోనీని ‘నాకు’ నుంచి ‘నేను’కు నడిపించింది ఎవరు? ప్రశ్నలు అడిగిన పెద్దమనుషులు. ఆ చీకట్లో బాధితురాలు లోలా తను సరిగ్గా చెప్పలేనన్నట్టు నసిగితే, నేను చెప్పగలను అన్నది బ్రయోనీ. చెప్పడం ఆమెదే. ఆ చెప్పడాన్ని సాక్ష్యంగా మార్చింది మాత్రం వాళ్లు.

పనిచేసిన పద్ధతి

ఆ మర్నాడే పాత డ్రాఫ్ట్ పక్కన పెట్టి ఏ3 కాగితం మీద పట్టిక గీయించాను. అడ్డంగా 12 ఘట్టాలు. నిలువుగా ఆరు గళ్లు: చూసింది ఎవరు, కల్పించింది ఎవరు, చెప్పింది ఎవరు, రాసింది ఎవరు, పేరు ఎవరిది, నమ్మింది ఎవరు. ‘కథ చెప్పడం’ అని ఒక్క మాటలో చుట్టేస్తున్న పనిని విడగొట్టడమే ఉద్దేశం. ప్రతి గడిలో ఒక పేరు, ఒక పేజీ నంబరు, అంతకుమించి ఏమీ రాయకూడదు. వాక్యాలు రాయనిస్తే మళ్లీ ‘సాధికారత’ దూరుతుంది.

‘గూస్’ వరసలు తేలిగ్గా నిండాయి. కల్పించింది ఫాబియెన్, రాసింది ఆన్యేస్. దాన్ని సరిదిద్ది ప్రచురణకర్తల దాకా చేర్చింది ఊళ్లో పోస్ట్‌మాస్టర్ దెవో. పేరు ఆన్యేస్‌ది. నమ్మింది పల్లెటూరి బాలమేధావి కోసం ఎదురుచూస్తున్న పారిస్. ఒకే పుస్తకం, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క పేరు. తర్వాత ఆన్యేస్ ఇంగ్లండ్‌లో ఫినిషింగ్ స్కూలుకు (ఆడపిల్లలకు మర్యాదలు నేర్పే బడికి) వెళ్తుంది. అక్కడి హెడ్‌మిస్ట్రెస్ ఆమె రాతను తన అదుపులోకి తెచ్చుకోవాలని చూస్తుంది. అంటే ‘రాసింది’ గడి కోసం ఇంకో పెద్ద మనిషి పోటీ. అధికారం కథతో పాటు నడుస్తోందా, పేరుతో పాటు నడుస్తోందా అనే ప్రశ్న పట్టికలోంచి దానంతటదే లేచింది.

‘అటోన్‌మెంట్’ దగ్గర రెండు రంగుల సిరా వాడించాను. మొదటిసారి చదివేవాళ్లకు ఎలా కనిపిస్తుందో అలా నీలం సిరాతో నింపాలి. చివరి భాగం తెలిశాక అవే గళ్లు ఎర్ర సిరాతో మళ్లీ నింపాలి. ఫౌంటెన్ ఘట్టం నవలలో రెండుసార్లు వస్తుంది. ముందు సిసీలియా వైపు నుంచి: పూలకుండీ కోసం రాబీతో పెనుగులాట, అంచు విరిగి ముక్కలు నీళ్లలో పడటం, ఆమె బట్టలు విడిచి దూకి తీయడం. తర్వాత పైఅంతస్తు కిటికీలోంచి బ్రయోనీ చూసినట్టుగా: పెళ్లి అడుగుతున్నాడనుకుంటుంది, తర్వాత ఏదో బెదిరించి దూకించాడనుకుంటుంది, తనకు తెలిసిన కథల్లో మునిగిపోవడమూ కాపాడటమూ ముందు, పెళ్లి ప్రస్తావన తర్వాత, ఇక్కడ వరస తప్పిందేమిటా అని తికమకపడుతుంది. నీలంలో మొదటి వరస ‘చూసింది: సిసీలియా’. ఎరుపులో ‘కల్పించింది: 77 ఏళ్ల బ్రయోనీ’. సిసీలియా మనసులో మాట అని మనం చదివినదంతా, ఆమె పోయిన ఎన్నో ఏళ్లకు, ఆమెకు అన్యాయం చేసిన చెల్లెలు ఊహించి రాసినది. విద్యార్థిని ఆ గడి దగ్గర చాలాసేపు కలం ఆపింది.

ఆగి, మరుసటి వారం రెండో అంచుకు దూకింది. కొత్త డ్రాఫ్ట్‌లో ‘కాబట్టి నవలలో ఏదీ జరగలేదు, అంతా బ్రయోనీ అబద్ధం’ అని రాసుకొచ్చింది. ఎర్ర సిరా వాడిన ప్రతిసారీ ఈ ప్రమాదం ఉంటుంది, ముందే హెచ్చరించి ఉండాల్సింది. విరుగుడుగా మూడు జాబితాలు రాయించాను: మార్చానని బ్రయోనీ ఒప్పుకున్నవి, మార్చలేదని నిలబడినవి, ఏమీ చెప్పకుండా వదిలేసినవి. ప్రేమికుల మరణం మొదటి జాబితాలోకి వచ్చింది. నేరం, తన సాక్ష్యం, మార్షల్ దోషం రెండో జాబితాలోకి. సిసీలియా అంతరంగం మూడోదాంట్లో పడింది. వాదన నడవాల్సింది ఆ మూడో జాబితా మీద. మిగతా రెండూ నవలే తేల్చేసింది.

పట్టికకు ఏడో గడి, ‘నష్టపోయింది ఎవరు’, తర్వాత చేర్చాం. దాంతో పాటు కొత్త వరసలూ వచ్చాయి. రాబీ తల్లి గ్రేస్ టర్నర్ ఆమె మొదటి డ్రాఫ్ట్‌లో ఎక్కడా లేదు. కొడుకును తీసుకుపోతున్న పోలీసు కారుకు అడ్డం పడి గొడుగుతో బాదుతూ, అబద్ధాలకోరులని అరుస్తుంది. ఆమె ఏమీ చూడలేదు, ఏమీ కల్పించలేదు. చెప్పింది నిజం. నమ్మింది గడిలో సున్న. అదే రాత్రి అదే ఇంట్లో 13 ఏళ్ల యజమాని కూతురి మాటకు ఒక విలువ, ఇల్లు ఊడ్చే మనిషి మాటకు ఇంకో విలువ. పైగా సిసీలియా, రాబీ కూడా ఏళ్ల తరబడి అనుమానించింది ఇంకో పనివాడి కొడుకు డానీ హార్డ్‌మన్‌నే, చాక్లెట్ల వ్యాపారి మార్షల్‌ను కాదు. బ్రయోనీ కథ నెగ్గింది బాగా అల్లినందువల్ల కాదు, వినేవాళ్లు ముందే సగం నమ్మి ఉన్న కథ కాబట్టి. డిసర్టేషన్‌కు అసలు వాదన ఇక్కడ కుదిరింది: ఆడపిల్ల కథకు అధికారం పెద్దవాళ్లు అప్పుగా ఇస్తారు, వాళ్లకు అక్కర ఉన్నంతకాలమే ఆ అప్పు నడుస్తుంది. 77 ఏళ్లకు బ్రయోనీ చెప్పబోయేది లార్డ్ మార్షల్‌కు పనికిరాని కథ. అప్పు పుట్టలేదు.

లోలా వరస గురించి మేమిద్దరం గట్టిగానే వాదించుకున్నాం. లోలాకు 15 ఏళ్లు, ఏమీ చెప్పదు, బ్రయోనీ చెబుతుంటే ఆపదు. ఇది లోలా తెలివిగా పన్నిన ఎత్తు అని విద్యార్థిని రాసింది. ఒప్పుకోలేదు. దాడికి గురైన పిల్ల మౌనాన్ని ఎత్తుగడ అనడానికి పాఠంలో ఆధారం కావాలి, ఆ రాత్రి పేజీల్లో అది లేదు. తర్వాత ఆమె మార్షల్‌ను పెళ్లాడటం, లేడీ మార్షల్‌గా బతకడం చూసి వెనక్కి అర్థం లాగుతున్నాం. పైగా ఆ రాత్రిని మనకు చెబుతున్నదీ బ్రయోనీయే. చివరికి ఆ వరసలో ‘చెప్పింది’ గడి ఖాళీగా ఉంచి, ఎందుకు ఖాళీయో ఒక పేజీ రాసింది. డిసర్టేషన్‌లో బాగా కుదిరిన పేజీల్లో అదొకటి.

మూడో నవల

పన్నెండో వారంలో ఒక లోటు తేలింది. రెండు నవలల్లోనూ కథ చివరికి కాగితం మీదికే చేరుతోంది. కాగితం లేని కథ సంగతేమిటి? కొత్త నవల చేర్చడానికి అది సమయం కాదు, సాధారణంగా వద్దనే అంటాను. కానీ ఒకే ఘట్టం, 1,500 పదాలు మించకూడదనే షరతు మీద కజువో ఇషిగురో ‘నెవర్ లెట్ మీ గో’ (2005) లోంచి పెన్సిల్ డబ్బా ఉదంతం ఒప్పుకున్నాను.

హేల్షమ్ అనే బోర్డింగ్ స్కూల్లో రూత్ దగ్గరికి ఒక కొత్త పెన్సిల్ డబ్బా వస్తుంది. అందరికీ ఇష్టమైన మిస్ జెరల్డీన్ ఇచ్చిందేమో అన్న భావం కలిగిస్తుంది. ఇచ్చిందని మాత్రం ఎక్కడా అనదు. నవ్వుతుంది, మాట దాటేస్తుంది. ఆమె స్నేహితురాలు, ఈ కథ చెబుతున్న కేథీకి కడుపుమంట. అక్కడ పిల్లలు వస్తువులు కొనుక్కునే సేల్స్‌లో ఎవరు ఏం కొన్నారో రాసే రిజిస్టర్ ఒకటి ఉంటుంది. ఊరికే ఆ రిజిస్టర్ తిరగేశానని కేథీ ఒక మాట వదులుతుంది. ఫలానా పేరు చూశానని అనదు. రూత్ మొహం మారిపోతుంది, కేథీ గెలిచిన మరుక్షణమే సిగ్గుపడుతుంది.

పట్టికలో ఈ ఘట్టం వింతగా కూర్చుంది. ఇద్దరూ ఏమీ ‘చెప్పలేదు’. రూత్ కథలో ‘అట’ పెట్టుకోవాల్సింది వినేవాళ్లే: మిస్ జెరల్డీన్ ఇచ్చిందట. చెప్పని కథను పట్టుకుని అబద్ధమనడం ఎలా? దాన్ని కూల్చినది కాగితం కూడా కాదు, కాగితం ఉందన్న సూచన. పెద్దవాళ్ల రిజిస్టర్‌ను పిల్ల ఆయుధంగా ఎత్తింది, తెరిచి చూపించాల్సిన అవసరం కూడా రాలేదు. ఆ తర్వాత విద్యార్థిని ఒక మంచి ప్రశ్న వేసుకుంది. ఇది మనకు చెబుతున్నది 31 ఏళ్ల కేథీ, అప్పటికి రూత్ లేదు. పెన్సిల్ డబ్బా ఎక్కడి నుంచి వచ్చిందో రూత్ చెప్పుకునే అవకాశం ఎప్పటికీ లేదు. ‘గూస్’లోనూ అంతే. ఫాబియెన్ కాన్పులో పోయిందని ఉత్తరం వచ్చాకే అమెరికాలో బాతులు పెంచుకుంటున్న ఆన్యేస్ కథ మొదలుపెడుతుంది. ‘అటోన్‌మెంట్’లో అక్క, ఆమె ప్రియుడు పోయాక. మూడు నవలల్లోనూ స్నేహితురాలో అక్కో పోయాకే మిగిలిన ఆడపిల్ల పూర్తి కథకురాలవుతోంది. ఇది నేను చెప్పినది కాదు, పట్టికలో కింద నుంచి పైకి చదివి ఆమె కనిపెట్టినది. చివరి అధ్యాయం దాని మీదే నడిచింది.

అదే ఊపులో 1950లలో ఫ్రాన్స్‌లో నిజంగా జరిగిన మినూ ద్రువే గొడవ కూడా తెచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల రాసిన కవితలు తల్లే రాసిందని అనుమానించి, విడిగా కూర్చోబెట్టి రాయించి పరీక్షించారు. ఫ్రెంచ్ విమర్శకుడు బార్త్ దాని మీద ఒక వ్యాసం కూడా రాశాడు. ఆకట్టుకునే సంగతే, కానీ నవలలో వాదనకు అదనపు బలం ఇవ్వదు. ఐదు పంక్తుల ఫుట్‌నోట్ చాలన్నాను. ఆమెకు నచ్చలేదు.

ఫలితం, గమనించాల్సినవి

చివరి ప్రతి 13,400 పదాలు. కథాసారాంశం 700కు దిగింది. సిమిలారిటీ 6 శాతం. ‘ఎంపవర్‌మెంట్’ రెండుసార్లు మిగిలింది, రెండూ ఇతరుల వాదన ఖండించే చోట. గడువుకు నాలుగు రోజుల ముందు ఇచ్చింది.

ఈ పద్ధతి ఇంకొకరి మీద వాడేవాళ్లకు కొన్ని మాటలు. తెలుగులో కథ చెప్పించే పని రెండో వారంలోనే చేయించాలి, తొమ్మిదో వారం దాకా ఆగడం వల్ల ఒక అధ్యాయం తొందరలో రాయాల్సి వచ్చింది. చెప్పించేటప్పుడు గైడ్ ఎదురుగా కూర్చోకూడదు. మేడమ్ ముందు పిల్లలు ‘అట’లు మింగేసి గ్రాంథికంలోకి పోతారు. హాస్టల్ గదిలో స్నేహితురాలికి చెబుతూ రికార్డు చేసుకుంటే అసలు భాష వస్తుంది. ‘అట’ను సందేహానికి గుర్తుగా మాత్రమే లెక్కించకూడదు. ఆశ్చర్యంలోనూ వస్తుంది, ఎగతాళిలోనూ వస్తుంది. తొమ్మిదిట్లో రెండు ఆశ్చర్యానివే అని తర్వాత తేలింది, వాటిని లెక్కలోంచి తీసేశాం. అయినా వాదన నిలిచింది. పట్టికను డిసర్టేషన్‌లో అతికించవద్దు. అది పరంజా, ఇల్లు కట్టాక విప్పేయాలి. ఇక సినిమా ఉన్న నవలైతే మొదటి సమావేశంలోనే ముగింపు నోటితో చెప్పించుకోండి, రెండు నిమిషాల్లో బయటపడుతుంది.

సిద్ధాంతం గురించి తొందరపడి తీర్పు ఇవ్వడం లేదు. పద్నాలుగో వారంలో ఆమే వెనక్కి వెళ్లి స్పివాక్ వ్యాసం మళ్లీ తెరిచింది, ఈసారి గ్రేస్ టర్నర్ వరస పక్కన పెట్టుకుని. మాట్లాడటం వేరు, ఆ మాట చెవికెక్కడం వేరు అన్న సంగతి అప్పుడు అర్థమైంది. అదే వ్యాసం, ఏడు వారాల ముందు ఒక్క పంక్తీ ఎక్కలేదు.

ఒక్కటి మాత్రం తేలకుండా మిగిలింది. ఇంగ్లిష్ శాఖలో ఇంగ్లిష్ నవలల మీద ఇంగ్లిష్‌లో రాసే డిసర్టేషన్‌లో తెలుగు ‘అట’కు చోటుందా? పరీక్షకులు ఎలా తీసుకుంటారోనని, నేనే వెనక్కి తగ్గి, దాన్ని ఫుట్‌నోట్‌లో పెట్టమన్నాను. వైవా రోజు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ప్రతిలో 31వ పేజీ మడత పెట్టి ఉంది. ఫుట్‌నోట్ చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, అక్కడి నుంచి పైన పేరా మధ్యలోకి ఒక బాణం గీసి ఉంది.